'ఫీవర్ కేమ్ టు మి' - ఇందులో తప్పెక్కడుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపినప్పుడు ముందు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. కానీ పప్పుచారు గురించీ, నీళ్ళ ట్యాంకు దగ్గర బకెట్ల వరుస గురించీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి మమ్మల్ని బాగా ఏడిపించిన ఇంగ్లీషు వాక్యం గురించి రాస్తున్నాం.

2024లో ఈ హాస్టల్ నుంచి మేము ముగ్గురం పీజీలో చేరాం. మూడిళ్ళలోనూ డిగ్రీ మొహం చూసినవాళ్ళం మేమే మొదలు. మొదటి నెలలో మాలో ఒకడు రెండు రోజులు క్లాసుకు రాలేదు. ఎందుకు రాలేదని లెక్చరర్ అడిగితే లేచి నిలబడి "సార్, ఫీవర్ కేమ్ టు మి" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేమిద్దరం కూడా నవ్వాం. నవ్వకపోతే మాకూ రాదని తెలిసిపోతుందని భయం. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఊళ్ళో ట్రాక్టర్ తోలుతున్నాడు. ఫోన్ చేస్తే మాట్లాడతాడు, చదువు మాట ఎత్తితే పెట్టేస్తాడు.

తమ్ముళ్ళూ, ఆ వాక్యాన్ని ఒకసారి నిదానంగా చూడండి. 'నాకు జ్వరం వచ్చింది'. ఇందులో కర్త ఎవరు? జ్వరం. 'వచ్చింది' అనే క్రియ జ్వరానిది. మనిషి 'నాకు' అంటూ పక్కన నిలబడ్డాడు. తెలుగులో జ్వరం, ఆకలి, కోపం, అన్నదమ్ములు, చివరికి ఇంగ్లీషు కూడా మనకు వచ్చేవో, ఉండేవో. ఇంగ్లీషువాడు ఇలాంటి చోట మనిషిని ముందుకు లాగి కర్తను చేస్తాడు. ఐ హ్యాడ్ ఎ ఫీవర్. ఐ యామ్ హంగ్రీ. ఐ హ్యావ్ టూ బ్రదర్స్. ఐ నో ఇంగ్లీష్. కాబట్టి మనసులో వాక్యం 'నాకు' అని మొదలైతే, నోట్లో చాలాసార్లు 'ఐ' అని మొదలవ్వాలి. మావాడు మాటలన్నీ సరైనవే వాడాడు. వాక్యం మాత్రం తెలుగుది.

రెండో చిక్కు క్రియతో. 'వచ్చాను' అంటే చాలు, వచ్చింది నేనే అని క్రియ చివర తెలిసిపోతుంది. ఇంగ్లీషు 'కేమ్'కు అలాంటి తోక లేదు. నేనొచ్చినా, నువ్వొచ్చినా, వాళ్ళొచ్చినా 'కేమ్' ఒక్కటే. అందుకే అక్కడ సర్వనామాన్ని వదిలేయడానికి వీల్లేదు. ఆఖరుకు వాన పడినా 'ఇట్ ఈజ్ రెయినింగ్' అనాలి. ఆ 'ఇట్' ఏమిటని మేము చాలా రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. ఏమీ కాదు. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూశారా, అలా కర్త సీటు ఖాళీగా ఉండకుండా వేసిన కర్చీఫ్ అది.

దీనికి తిరగేసిన తప్పు 'మై ఫాదర్ లేబరర్'. 'మా నాన్న కూలీ' అనేది తెలుగులో క్రియ లేకుండానే నిండు వాక్యం. ఇంగ్లీషులో 'ఈజ్' లేకపోతే అది నిలవదు. మై ఫాదర్ ఈజ్ ఎ లేబరర్. ఇంటర్వ్యూల్లో మొదట అడిగేది ఇదే కాబట్టి దీన్ని మాత్రం గట్టిగా పలకడం నేర్చుకోండి.

ఇంకో విషయం. వార్డెన్ గారిని 'హి' అనడానికి మాకు నోరు వచ్చేది కాదు. 'వాడు' అన్నట్టుండేది. అందుకని 'దే' అనేవాళ్ళం. నిజానికి 'హి'లో వాడూ ఉన్నాడు, ఆయనా ఉన్నారు. 'యు' సంగతి ఇంకా తమాషా. పాత ఇంగ్లీషులో ఒక్కడిని పిలవడానికి 'దౌ' అనే మాట ఉండేది. 'యు' అంటే మీరు. 17వ శతాబ్దం నాటికి మామూలు మాటల్లో 'దౌ' దాదాపు పోయి, అందరికీ 'మీరు' మిగిలింది. ఒక్కడితో మాట్లాడినా 'యు ఆర్' అనడం, 'యు ఈజ్' అనకపోవడం అందుకే. మరి మన 'మేము', 'మనము' రెంటికీ వాళ్ళ దగ్గర ఒక్క 'వి' తప్ప గతి లేదు. ఈ విషయంలో మాత్రం మనమే ఒక మెట్టు పైన!

ఇక విభక్తులు. డు ము వు లు ప్రథమా విభక్తి అని బడిలో బట్టీ పట్టాం కదా, ఆ చదువు ఇక్కడ పనికొస్తుంది. మన విభక్తి మాటకు వెనక అతుక్కుంటుంది, వాళ్ళ ప్రిపొజిషన్ ముందు నిలబడుతుంది. బల్ల మీద, ఆన్ ది టేబుల్. 'నేనుతో' అనం, 'నాతో' అంటాం. అలాగే వాళ్ళూ 'విత్ ఐ' అనరు, 'విత్ మి' అంటారు. ఇక్కడిదాకా సుఖమే. కష్టం ఏమిటంటే, మన ఒక్క 'కి'కి వాళ్ళకు చాలా మాటలున్నాయి. ఊరికి వెళ్ళాను అంటే 'టు', ఆరింటికి లేచాను అంటే 'ఎట్', తమ్ముడికి కొన్నాను అంటే 'ఫర్', ఇంటికి వెళ్ళాను అంటే అసలేమీ లేదు, 'వెంట్ హోమ్' అంతే. 'నుంచి' కూడా ఇలాంటిదే. మేము రాసిన ప్రతి లీవ్ లెటర్‌లోనూ 'సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్' అని ఉంటుంది. సోమవారం నుంచి అని మొదలు చెబితే 'సిన్స్ మండే'. రెండు రోజుల నుంచి అని లెక్క చెబితే 'ఫర్ టూ డేస్'. తెలుగులో రెండూ 'నుంచి' కావడంతో వచ్చిన తంటా ఇది.

క్రియా, ప్రిపొజిషనూ కలిస్తే అర్థమే మారిపోతుంది. 'లుక్ ఎట్ మి' అంటే నావైపు చూడు. 'లుక్ ఫర్ మి' అంటే నాకోసం వెతుకు. 'లుక్ ఆఫ్టర్ మి' అంటే నన్ను చూసుకో. మనకిది కొత్తేమీ కాదు. చూడు వేరు, చూసుకో వేరు. పెట్టు వేరు, పెట్టెయ్ వేరు. అయితే సర్వనామం ఎక్కడ కూర్చుంటుందన్నది తెలుసుకోవాలి. పరీక్షల రోజుల్లో పక్క మంచం వాడితో "వేక్ అప్ మి" అని చెప్పి పడుకునేవాళ్ళం. 'వేక్ మి అప్' అనాలి. ఫ్యాను గురించైతే 'టర్న్ ఆఫ్ ది ఫ్యాన్' అన్నా, 'టర్న్ ది ఫ్యాన్ ఆఫ్' అన్నా సరే. దాన్నే 'ఇట్' అంటే మాత్రం మధ్యలోకి రావాల్సిందే, 'టర్న్ ఇట్ ఆఫ్'. ఎట్, ఫర్, టు, విత్ అలా కాదు, అవి ఎప్పుడూ సర్వనామానికి ముందే. 'వెయిట్ ఫర్ మి', 'లిజన్ టు మి'. కొన్ని క్రియలకు మనం అనవసరంగా తగిలిస్తాం కూడా. 'కాల్ టు మి', 'డిస్కస్ అబౌట్ ఇట్' అనక్కర్లేదు, 'కాల్ మి', 'డిస్కస్ ఇట్' చాలు.

ఇవన్నీ మేము గైడ్లు చూసి కాదు, ఒక నోటుపుస్తకంలో ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు రాసుకుని నేర్చుకున్నాం. మొదటి పేజీలో మొదటి వాక్యం జ్వరం వాక్యమే. మొన్న మావాడికి ఫోన్లో అది చదివి వినిపించాం. కాసేపాగి "ఇంతేనా?" అన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

సంక్రాంతి సెలవులు అవగానే మేమిద్దరం ఆ పుస్తకం తీసుకుని హాస్టల్‌కు వస్తాం. సందేహాలు రాసి ఉంచండి, స్టడీ హాల్లో కూర్చుని చూద్దాం. వాణ్ణి కూడా రమ్మన్నాం.