చలికని తలుపులన్నీ బిగించకండి

డిసెంబరు, జనవరి నెలల్లో హిందూపురం, పెనుకొండ వైపు తెల్లవారుజాము చలికి కిటికీలన్నీ మూసుకుంటాం. ఆ ఒక్క గదిలోనే వంట, పడక, తడిబట్టలు. మన ఊపిరిలోని, వంటలోని ఆవిరి చల్లని రేకులకు తగిలి నీటిబొట్లవుతుంది. ధర్మవరం చేనేత ఇళ్లలో మగ్గం గుంత చెమ్మ కూడా తోడవుతుంది. గోడలకు నల్లని బూజు పట్టి, ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం ఎక్కువవుతుంది.

కుంపటి పెడితే చెమ్మ పోదు. ఆవిరి బయటికి వెళ్లే దారి కావాలి. పైగా బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మూసిన గదిలో అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి, మత్తు కనిపిస్తే వెంటనే ఆరుబయటికి చేర్చి ఆసుపత్రికి తీసుకురండి.

వండేటప్పుడు, ఉదయం లేవగానే కిటికీ తెరవండి. గిన్నెలకు మూత పెట్టండి. బట్టలు ఎండలో ఆరేయండి. కుంపటి బయటే ఉంచి, లోపల దుప్పట్లు కప్పుకోండి. దేవుడిచ్చిన ప్రాణాన్ని జాగ్రత్తగా కాపాడుకుందాం.