పాముకాటు – పసరుమందు

పాము కరచినదన్న కేక వినబడగానే వేరులకై పెరటివైపు పరుగెత్తుట మన పల్లెలలో అనాదిగా వచ్చుచున్న ఆచారము. ఒకచోట ఈశ్వరివేరు, ఒకచోట సుగంధిపాల, మఱియొకచోట సర్పగంధ. పసరు పోసినంతనే రోగి లేచి కూర్చుండెనను కథ వినబడని ఊరు అరుదు. ఆ కథలన్నియు కల్లలు కావు. అయినను వానివలన మందు మహిమ ఋజువగునా?

ఈ సంశయమును పరీక్షకు పెట్టినవారిలో విశాఖపట్టణమున నివసించిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ ముఖ్యుడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై, కోరమాండల్ తీరపు సర్పములను గూర్చి 1796లో గ్రంథము వెలువరించెను. అందు ‘కాటుకరేకుల పొడ’ అను తెలుగుపేరుతో వర్ణితమైన పామే నేడు శాస్త్రలోకమున ఆయన పేర పరగుచున్న రక్తపింజరి. పాషాణము, మిరియాలు, జిల్లేడుపాలు మొదలగు వానితో చేసిన తంజావూరు మాత్ర ఆనాడు విషహరమని ప్రసిద్ధి. రస్సెల్ పరీక్షింపగా అది పనిచేయలేదు.

మఱి రోగులు బ్రతికినదెట్లు? మన పాములలో అధికభాగము విషములేనివి. విషసర్పమైనను కరచిన ప్రతిమారు విషము నెక్కింపదు. అట్టివారు ఏ పసరు త్రాగినను బ్రతుకుదురు. కీర్తి పసరుకు దక్కును. మరణించినవారి విషయమున మాత్రము ‘ఆయువు తీరినది’ అందురు.

అట్లని మూలికలను త్రోసివేయరాదు. సుగంధిపాల వేరునందలి యొక పదార్థము రక్తపింజరి విషమును కొంత అణచునని కలకత్తా పరిశోధకులు జంతువులపై ప్రయోగించి చూపిరి. ఈశ్వరివేరులోని ఆమ్లము విషమందలి యొక ఎంజైము నడ్డగించును. కాని అదియే మూత్రపిండములను చెరచి క్యాన్సరును కలిగించును. సర్పగంధ నుండి 1952లో వెలికితీసిన రిసర్పిన్ పాముకాటుకుగాక రక్తపుపోటుకు మందయ్యెను. మూలిక విలువను తేల్చునది నమ్మకము కాదు, పరీక్ష.

నేటివరకు పరీక్షకు నిలిచిన విరుగుడు ప్రతివిష మొక్కటే. 1894లో ఫ్రాన్సున వెలుగుచూచిన ఈ విధానము ననుసరించి, గుఱ్ఱములకు స్వల్పముగా విషమెక్కించి, వాని రక్తమునుండి మందు తీయుదురు. మనదేశమున తయారగునది నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి – ఈ నాల్గింటి విషమునకు విరుగుడు.

కట్లపాము విషము ఊపిరిని స్తంభింపజేయును; రక్తపింజరి విషము నెత్తురు గడ్డకట్టు శక్తిని హరించును. రెండును నిరీక్షింపవు. కాటును కోయక, బిగించి కట్టక, అవయవమును కదలనీయక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఉపాధ్యాయుడు తరగతిలో చెప్పిన ఈ నాలుగు మాటలు విద్యార్థి ద్వారా ఇల్లు చేరినచో ఒక ప్రాణము నిలువవచ్చును. వేరును రేపు పరీక్షింపవచ్చును; పసరుకై పోయిన గడియ మాత్రము తిరిగిరాదు.