పారిస్ పూటకూళ్ళ ఇంట భోజనం

మా బడిలో చదువుకొన్న ఒక విద్యార్థి నేడు ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతని తల్లిదండ్రులు వేరుశనగ పండించే రైతులు. కొడుకును చూడడానికి వెళ్ళి వచ్చిన తరువాత, ప్రయాణం ఎట్లా జరిగినదని అడిగితే, ఆ తండ్రి చెప్పిన మొదటి మాట ఈఫిల్ గోపురం గురించి కాదు. “అయ్యవారూ, ఒకనాడు మావాడు పనికి వెళ్ళినాక మేమిద్దరం ఒక చిన్న హోటలులో కూర్చున్నాము. కార్డులో ఏమి వ్రాసి ఉన్నదో తెలియలేదు. మంచినీళ్ళు అడిగితే దానికీ డబ్బు వేస్తారేమోనని భయపడినాము. రెండు కాఫీలు తాగి ఆకలితోనే లేచి వచ్చినాము” అన్నాడు.

వారి చేతిలో డబ్బు లేక కాదు. ఏమి అడగవచ్చునో, ఎట్లా అడగవలెనో తెలియక పస్తు పడినారు. సరిహద్దు గ్రామాలలో పుట్టిన మనకు ఈ ఇబ్బంది కొత్తది కాదు. పక్క పట్టణంలో బోర్డు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో ఉంటే, పక్కవాని ఆకులోనికి చూసి “అదే నాకూ పెట్టండి” అన్న పెద్దలు మనలో ప్రతి ఇంటిలోనూ ఉన్నారు. యానాం వారి సంగతి మరికొంత ప్రత్యేకమైనది. మధ్యలో బ్రిటిష్ వారి ఆక్రమణ కాలాలు మినహాయిస్తే, 18వ శతాబ్దం నుండి 1954 వరకు అది ఫ్రెంచి పాలనలో ఉండినది. ఆ బంధం వలన ఫ్రాన్సులో స్థిరపడిన కుటుంబాలకు ఇక్కడ బంధువులు నేటికీ ఉన్నారు. చదువుల కోసం, కొలువుల కోసం ఇతర ప్రాంతాల తెలుగు పిల్లలు కూడా ఆ దేశం వెళుతున్నారు. వారి వెనుక ఒకనాడు తల్లిదండ్రులూ వెళతారు. అందుచేత ఆ దేశపు సామాన్యుల భోజనశాల గురించి నాలుగు సంగతులు తెలుసుకొనుట అవసరము.

బిస్ట్రో అనగా ఏమి?

ఫ్రెంచి భోజనమనగానే తెల్లని దుప్పటి పరచిన బల్లలు, వరుసగా పేర్చిన చెంచాలు, వేలకు వేలు బిల్లు మనకు తోచును. అట్టి భోజనశాలలు అక్కడ ఉన్న మాట నిజమే. అయితే సామాన్య ప్రజలు తినే చోటు వేరు. దాని పేరు బిస్ట్రో. చిన్న గది, దగ్గర దగ్గరగా వేసిన బల్లలు, నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాసిన ఆనాటి వంటకాలు, ఇంటి వంటను పోలిన వంట, మితమైన ధర: ఇవి దాని లక్షణములు. మన పూటకూళ్ళ ఇంటికీ, నేటి మెస్సుకూ అది దగ్గరి చుట్టమని చెప్పవచ్చును.

ఈ పేరు ఎట్లా వచ్చినదో చెప్పే ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1814లో నెపోలియన్‌ను ఓడించి పారిస్ ప్రవేశించిన రష్యా సైనికులు “త్వరగా, త్వరగా” అనే అర్థంలో తమ భాషలో “బీస్త్ర” అని అరిచేవారట. దాని నుండి బిస్ట్రో పుట్టినదట. కథ బాగున్నది గాని, ఆ మాట ఫ్రెంచి అచ్చు పుస్తకంలో కనిపించినది 1884లో. మధ్యలో 70 ఏండ్లు ఎక్కడా కనిపించనందున భాషా పండితులు ఈ కథను అంగీకరించరు.

బొగ్గు మోసినవారి అంగళ్ళు

ఈ చౌక భోజనశాలల చరిత్రలో మనం గమనించదగినది ఒకటి ఉన్నది. వీటిలో చాలా వాటిని నిలబెట్టినవారు పారిస్‌కు వలస వచ్చిన పేదలు. ఫ్రాన్సు నడిబొడ్డున ఓవెర్న్ అనే కొండ ప్రాంతం ఉన్నది. అక్కడి సేద్యంతో కుటుంబాలు గడవక 19వ శతాబ్దంలో అనేకులు రాజధానికి వచ్చి ఇంటింటికీ నీళ్ళు మోసినారు, తరువాత కట్టెలు, బొగ్గు అమ్మినారు. భర్త బొగ్గు మూటతో మేడలెక్కి దిగుతుండగా, భార్య అంగడి ముందు భాగంలో గ్లాసుల లెక్కన ద్రాక్షసారా అమ్మేది. క్రమంగా దానికి ఒక కూర, ఒక రొట్టె తోడైనవి. ఆ బొగ్గు అంగళ్ళలో ఎన్నో భోజనశాలలుగా మారినవి. ఉడుపి నుండి బయలుదేరినవారు ఊరూరా హోటళ్ళు పెట్టినట్లు, మనవారు బెంగళూరు, చెన్నై నగరాలలో ఆంధ్ర మెస్సులు నడిపినట్లు, అక్కడ కూడా ఊరు విడిచినవారే ఊరికి అన్నం పెట్టినారు.

ఇంతకంటే చౌకైనది మరొక రకమున్నది. దానిని బుయ్యోఁ అంటారు. ఆ మాటకు మాంసపు చారు అని అర్థము. 19వ శతాబ్దం మధ్యకాలంలో దువాల్ అనే మాంసం వర్తకుడు అంగడిలో పనిచేసే కూలీల కోసం వేడి చారు, ఉడికించిన మాంసం తక్కువ ధరకు అమ్మే భోజనశాలలు ప్రారంభించినాడు. ఆ వరుసలోనిదే 1896లో ఇద్దరు అన్నదమ్ములు స్థాపించిన బుయ్యోఁ షార్తియే. అది నేటికీ నడుస్తున్నది. ఆ భవనాన్ని ప్రభుత్వం చారిత్రక కట్టడంగా గుర్తించినది. రోజూ వచ్చేవారు తమ చేతిగుడ్డలు దాచుకొనడానికి అక్కడ నంబర్లు వేసిన చిన్న సొరుగులు ఉండేవి. ఆ సొరుగులను ఇప్పటికీ చూడవచ్చును. చోటు చాలనప్పుడు ముఖపరిచయం లేనివారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారు. వడ్డించే మనిషి లెక్కను బల్లమీది కాగితం పైననే వ్రాసి కూడుతాడు. కొంతకాలం వెనుకబడిన ఈ రకం భోజనశాలలు మరల పుంజుకొన్నవి. 2017లో పిగాల్ ప్రాంతంలోనూ, 2021లో రిపబ్లిక్ కూడలిలోనూ పెద్ద బుయ్యోఁలు తెరచినారు.

బల్ల దగ్గర తెలియవలసినవి

మొదటిది పలకరింపు. లోపలికి అడుగు పెట్టగానే “బోఁజూర్” అనవలెను. అది నమస్కారము. ఆ మాట లేకుండా నేరుగా విషయానికి వస్తే అక్కడివారు అమర్యాదగా భావిస్తారు. ఖాళీ బల్ల కనిపించినా, వడ్డించేవారు చూపిన తరువాతనే కూర్చొనవలెను.

రెండవది ధర. ధరల పట్టికను బయట గోడకు తగిలించవలెనని అక్కడి నియమము. కనుక లోపలికి పోకముందే చదువుకొని, తాహతుకు మించితే ముందుకు సాగిపోవచ్చును. ఎవరూ ఏమీ అనుకొనరు. మనం మెనూ కార్డు అనే దానిని వారు “కార్త్” అంటారు. “మెనూ” అంటే అక్కడ ఒకే ధరకు కట్టిన పూర్తి భోజనము. “ఫార్ముల్” అంటే రెండు వంటకాల జత. “ప్లా ద్యు జూర్” అంటే ఆనాటి వంటకము. చౌకగా, త్వరగా వచ్చేది ఇదే. “ఆంత్రే” అని వ్రాసి ఉన్నది మొదట తినే చిన్న వంటకం మాత్రమే. అది ఒక్కటే తెప్పించుకొంటే కడుపు నిండదు. పారిస్‌లోని సాధారణ బిస్ట్రోలో మధ్యాహ్నపు ఫార్ముల్ సుమారు 15 నుండి 25 యూరోల మధ్య ఉంటుంది. బుయ్యోఁలో మూడు వంటకాలు తిన్నా 20 యూరోలకు అటూ ఇటూగా సరిపోవును.

మూడవది నీరు. భోజనం చేసేవారికి కుళాయి నీరు, రొట్టె ఉచితము. “యూన్ కరాఫ్ దో, సిల్ వూ ప్లే” అంటే కూజాతో నీళ్ళు తెచ్చి పెడతారు. కేవలం నీళ్ళు అని అడిగితే సీసా నీరు రావచ్చును, దానికి వెల ఉన్నది. నీటిని ఉచితంగా అడిగి పొందవచ్చునని భోజనశాలలు అందరికీ కనబడేటట్లు తెలియజేయవలెనని 2020లో చట్టం కూడా చేసినారు.

నాల్గవది బిల్లు. మనం అడగనిదే బిల్లు తేరు. తినడం ముగించినవారిని లేపడం వారికి మర్యాద కాదు. “లాదిసియోఁ, సిల్ వూ ప్లే” అంటే తెచ్చి ఇస్తారు. పన్నులు, సేవా రుసుము పట్టికలోని ధరలోనే కలిసి ఉండవలెనని 1987 నుండి నియమమున్నది. అందువలన పైన ఇచ్చే బహుమానం మన ఇష్టమే, బాధ్యత కాదు.

ఐదవది వేళ. మధ్యాహ్నం 12 నుండి 2 వరకు, రాత్రి 7 తరువాత మాత్రమే చాలా చోట్ల వంటశాల నడుస్తుంది. మూడున్నరకు వెళ్ళి భోజనం అడిగితే చాలా బిస్ట్రోలలో దొరకదు.

ఏమి తినవచ్చును?

మనవారు ముఖ్యంగా జాగ్రత్త పడవలసినది ఇక్కడనే. “బెఫ్” గొడ్డుమాంసము, “వో” దూడమాంసము, “పోర్”, “జాఁబోఁ”, “లార్దోఁ” అనేవి పందిమాంసపు రకాలు. ఆకుకూరల సలాడులో కూడా లార్దోఁ ముక్కలు వేయడం కద్దు. ఉల్లిపాయల చారును తరచు గొడ్డుమాంసపు రసంతోనే కాస్తారు. “పూలే” కోడి, “పుఆసోఁ” చేప, “కనార్” బాతు. ఉడికించిన కోడిగుడ్డు మీద నూనె, పచ్చసొనతో గిలకొట్టిన మయోనెజ్ వేసి ఇచ్చేది పేదసాదలందరూ తినే పాత వంటకము. శాకాహారులు “సాఁ వియాఁద్, సాఁ పుఆసోఁ”, అనగా మాంసం వద్దు, చేప వద్దు అని విడమరచి చెప్పుట మేలు. కారం వారికి అలవాటు లేదు. ఉప్పు, మిరియాలు మాత్రం బల్లమీద ఉంటాయి.

బిస్ట్రోలు, కఫేలలోని ఆచారాలను 2024లో ఫ్రాన్సు తన జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకొన్నది. ఒకనాటి కూలీల, వలసజీవుల భోజనం దేశానికి గర్వకారణమైనది. కూలి చేసేవారి కోసం పుట్టిన చోట రైతు దంపతులు సిగ్గుపడి లేచి రావలసిన పని లేదు. అక్కడ కూర్చొనే హక్కు అందరికంటే ముందు వారిదే.

ఆ దంపతులు వచ్చే ఏడాది మనుమరాలిని చూడడానికి మళ్ళీ వెళుతున్నారు. పైన చెప్పిన మాటలను తెలుగు అక్షరాలలో ఒక చీటీ మీద వ్రాసి ఇచ్చాను. ఆ తల్లి దానిని రెండుసార్లు పైకి చదివి, మడిచి పాస్‌పోర్టులో పెట్టుకొన్నది. విదేశాలకు పంపే తల్లిదండ్రులకు విమానం టిక్కెట్టుతో పాటు ఇట్టి చీటీ ఒకటి వ్రాసి ఇవ్వవలసినదిగా చదువుకొన్న పిల్లలను కోరుతున్నాను.