లిపికి అప్పగింతలు

సత్తెనపల్లి ప్రాంతపు భూవసతిగలవారు 1984వ సంవత్సరమును మఱచియుండరు. ఆ యేట కరణీకములు రద్దయి, తరతరములుగ నొక యింటనున్న గ్రామలెక్కలు ప్రభుత్వోద్యోగుల వశమయ్యెను. ఆ రద్దు మంచిదా, చెడ్డదా యను వాదమును మేమిచట నెత్తము. దస్త్రము చేతులు మాఱునపుడు రైతు అడుగవలసిన ప్రశ్న యొక్కటియే: అడంగలులో తప్పు పడినచో నిక నెవరి గుమ్మము తొక్కవలయును?

ఈ ప్రశ్న అంతర్జాలమునకును గలదు. వెబ్ పుటలను కూర్చు హెచ్‌టీఎమ్‌ఎల్ నిబంధనలను 1995లో ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్సు ప్రకటించెను. మఱుసటి యేట ఆ పనికై యేర్పడిన ఉపసంఘము ముగియగా, భారము వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియమునకు సంక్రమించెను. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపేరా సంస్థలవారు ఆ సంఘపు ధోరణికి విసిగి, వాట్‌డబ్ల్యూజీ యను వేఱు కుంపటి పెట్టిరి. కొంతకాలమునకు ఒకే భాషకు రెండు శాస్త్రగ్రంథము లేర్పడెను. మిర్చికాటా యొద్ద రెండు విధముల రాళ్లున్నచో రైతు గతి యేమగునో మన పాఠకులకు చెప్పనక్కఱలేదు. తుదకు 2019 మే 28న ఉభయులును ఒడంబడిక వ్రాసికొని, గ్రంథము నొక్కటి చేసి, నిర్వహణమును కొత్త సంఘమునకే విడిచిరి. పాత సంఘము సమీక్షించు హక్కును, ఆమోదముద్ర వేయు హక్కును ఉంచుకొనెను. వారు భారము నప్పగించిరి గాని నోటిని అప్పగింపలేదు. ఇదియే మనము గ్రహింపదగిన నీతి.

ఇక మన తెలుగు సంగతి. 1991లో భారతీయ ప్రమాణముల సంస్థ మన లిపులకు ఇస్కీ సంకేతావళిని ప్రకటించెను. ఆ యేటనే అమెరికాలో యూనికోడ్ మొదటి సంపుటము వెలువడెను. అందు మన లిపుల అమరిక 1988 నాటి ఇస్కీ ననుసరించినదే. విత్తనము మనది, మడి పరులది. 2009లో కేంద్రప్రభుత్వము తన పాలనావ్యవహారములకు యూనికోడ్‌నే ప్రమాణముగ స్వీకరించెను. నేడు మన చేతిఫోనులలోని ప్రతి తెలుగక్షరమును ఆ పట్టికనుండి వచ్చినదే.

ఆ తొలిపట్టికలో ‘ౘలి’కి, ‘ౙొన్న’కు తగిన దంత్యాక్షరములు లేవు. పూర్వపు లెక్కలలో నాలుగవవంతులను, పదునారవవంతులను తెలుపు భిన్నాంకములును, ధాన్యపు కొలతయగు తూము గుర్తును లేవు. ఇవి 2008లో గాని చేరలేదు. నకారపుపొల్లు 2021వఱకు వేచియుండెను. ఇందు పరులను దూషించుట న్యాయము గాదు. ప్రతిపాదన యెవరైనను పంపవచ్చును. ప్రాచీన ప్రతులలో వాడుకకు సాక్ష్యము చూపినచో వారు విచారింతురు. అయితే తీర్పు సభ్యుల వోటుపై నాధారపడును. ఆ సభ్యులలో పెక్కురు గొప్ప కంపెనీలవారు. ఒకసారి పట్టిక కెక్కిన అక్షరమును తొలగింపరు, స్థానము మార్పరు. కావున పొరపాటు జరుగకమునుపే మాటాడవలయును.

ఆ సాక్ష్యము ఎచటనున్నది? మన అటకలమీద నున్నది. కరణముల యిండ్ల పాత కవిలెలును, తాతలనాటి పద్దుపుస్తకములును చెదలపాలగుచున్నవి. వానిలో పట్టిక కెక్కని గుర్తు లింకను ఉండవచ్చును. గృహస్థులు వానిని విశ్వవిద్యాలయముల పండితులకు చూపవలయును; పండితులు వానిని చిత్రములు తీయించి భద్రపఱుపవలయును; ప్రభుత్వము ఆ సభలో తెలుగువారి పక్షమున తప్పక మాటాడవలయును. పిల్ల నత్తవారింటికి అప్పగించిన తండ్రి మఱలి ఆ వీథి చూడకుండునా? లిపి విషయమునను మన మట్లే వర్తింపవలయునని మా మనవి.