బడిపిల్లల కంచంలో గ్రీకు పెరుగు

పెరుగన్నం తినందే విస్తరి ముందునుంచి లేవని మనకు, పెరుగు మీద వాదోపవాదాలంటే వింతగానే ఉంటుంది. అమెరికాలో ఆ వింతే జరిగింది. 2013లో అక్కడి వ్యవసాయశాఖ న్యూయార్క్, ఐడహో, ఆరిజోనా, టెనెసీ రాష్ట్రాల బడులలో మధ్యాహ్న భోజనానికి గ్రీకు పెరుగును ప్రయోగంగా ప్రవేశపెట్టింది.

గ్రీకు పెరుగంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. శ్రీఖండ్ చేయడానికి మహారాష్ట్రులు పెరుగును గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తారు గదా! దాదాపు అదే. నీరు ఓడిపోగా మిగిలిన గడ్డలో మాంసకృత్తులు మామూలు పెరుగుకంటె ఇంచుమించు రెట్టింపు.

మాంసం ముట్టని పిల్లలకు ఇది మంచి ఆధారమని కొందరు సంతోషించారు. తమ రాష్ట్రపు పాడిరైతులకు గిరాకీ పెరుగుతుందని న్యూయార్క్ సెనేటర్ చక్ షూమర్ దీనికోసం పట్టుబట్టారు. ఆ మాట వినగానే, ఇది పిల్లల మేలుకా, వ్యాపారుల లాభానికా అన్న ప్రశ్న రాకమానదు. పండ్ల రుచులతో వచ్చే పెరుగులో పంచదార మాటేమిటన్నది మరో ప్రశ్న.

నాకు తోచిన అసలు చిక్కు వేరే ఉంది. అక్కడి అప్పటి నిబంధనల ప్రకారం నాలుగు ఔన్సుల పెరుగు ఒక ఔన్సు మాంసానికి సమానంగా ఉండేది. చిక్కనిదైనా, పలచనిదైనా ఒకటే లెక్క! ఎక్కువ ధర పెట్టి గట్టి పెరుగు కొన్న బడికి లెక్కల పుస్తకంలో ఒరిగిందేమీ లేదు. కాని మాంసం తినని పిల్లవాడు సాయంత్రందాకా ఆకలికి ఆగాలంటే ఆ తేడాయే ముఖ్యం. పెరుగు పేరు ఏదైతేనేం? అందులో బలమెంత, పంచదార ఎంత అని అడగవలసింది తల్లిదండ్రులే.