అరటి బోదె నుంచి ఇంట్లోనే నార

గెల కోసిన తరువాత అరటి బోదెను నరికి గట్టున పడేయడం మనకు అలవాటు. అలా పడి ఉన్న బోదెల్లోనే కాండం తొలిచే పురుగు చేరి, పిలక పంటకు పాకుతుంది. పూలు కట్టేవారు వాడే నార వచ్చేదీ ఈ బోదె నుంచే.

ముందుగా ఎండిన పై డొప్పలను, పురుగు రంధ్రాలున్న వాటిని తీసేయండి. మంచి డొప్పలను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చీల్చి, చెక్కపై పరిచి, మొండి కత్తితో ఒకే వైపు గీకండి. గుజ్జు పోయి నార మిగులుతుంది. పదును కత్తయితే నార తెగుతుంది. బోదె పచ్చిగా ఉండగానే ఈ పని ముగించాలి, ఆలస్యమైతే నార నల్లబడుతుంది. కడిగి నీడలో ఆరబెట్టండి. గుజ్జును ఎరువు గుంతలో వేయండి. అన్నట్టు, అరటి కసరు మరక ఎంత ఉతికినా వదలదు. పాత బట్టలే కట్టుకోండి.

గీకే ఓపిక లేకపోతే పట్టీలనే ఎండబెట్టండి. అల్లేముందు నీళ్లు చిలకరిస్తే విరగవు. మూడు పాయల జడ అల్లి, గుండ్రంగా చుట్టుకుంటూ దబ్బనంతో కుడితే కాళ్లు తుడుచుకునే పట్టా అవుతుంది. చిన్నగా చుడితే కుండ కింద కుదురు.

నార తీసే యంత్రం కోసం మాత్రం తొందరపడి అప్పు చేయకండి. చేత్తో తీసిన రెండు కట్టలను దగ్గరి పూల అంగళ్లలో చూపించి, ఎంత పొడవు కావాలో, ఏ ధరకు కొంటారో ముందు తెలుసుకోండి. అమ్మే కట్టలో తడి ఉండకూడదు, బూజు పడుతుంది.