పరదేశమున గాలపు విద్య



పుట్టినిల్లు విడిచి మెట్టినింటికి పోవుట మనకు క్రొత్త గాదు. కాని మెట్టినిల్లును విడిచి సముద్రముల కావల కాపురము పెట్టవలసి వచ్చినప్పుడు స్త్రీకి మూడు కావలసియుండును: భాష, త్రోవ, తోడు. భాషను గ్రంథములవలన నేర్వవచ్చును. త్రోవను పటములో చూచుకొనవచ్చును. తోడు మాత్రము ఊరక కూర్చున్నవారికి లభింపదు. అచ్చటి నేలతోనో నీటితోనో సంబంధించిన పనిలో చేయి పెట్టినవారికే లభించును. నాకట్టి పని గాలముతో చేపలు పట్టుట యైనది. ఈ మాట విని యిప్పుడే నవ్వకుడు. తుదవఱకు చదివిన పిమ్మట నవ్వినను నాకు సమ్మతమే.

మాది గోదావరి లంకల ప్రాంతము. మావారు గణితోపాధ్యాయులు. మూడేండ్ల క్రిందట వారికి అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు తూర్పుభాగమున నొక చిన్న యూరి పాఠశాలలో పని దొరకగా, నేనును, తొమ్మిదేండ్ల మా కుమారుడును వారివెంట పోయితిమి. ఉదయము ఏడు గంటలకు తండ్రియు కొడుకును బడికి పోవుదురు. సాయంకాలము నాలుగు దాటినగాని రారు. వీధిలో నడచు మనుష్యుడు కానరాడు. కారు నడుప నేర్వనివారికి అచ్చట ఇల్లే యొక లంక. తాతగారియొద్ద చదువుకొన్న అమరమును, కావ్యములును ఆ నిశ్శబ్దములో కొంత యూఱట కలిగించినను, పుస్తకము మాటకు మాట చెప్పునది కాదు గదా!

మా యింటికి అఱమైలు దూరమున నొక జలాశయము కలదు. పొరుగింటి వృద్ధురాలు, డెబ్బదియేండ్లు దాటినది, ప్రతిదినమును గాలపుకఱ్ఱ భుజమున వైచుకొని ఒంటరిగ నా గట్టునకు పోవుచుండెను. ఒకనాడు మా గుమ్మముకడ నిలిచి, "నాయొద్ద రెండవ కఱ్ఱ యొకటి ఊరక పడియున్నది, వచ్చెదవా?" యని యడిగెను. పోయితిని. అది మొదలు ఆమె నాకు గురువు.

ఈ సంగతి ఫోనులో విని మా యత్తగారు, "చేపలవాండ్ల పని నీకెందుకమ్మా?" యనిరి. శాకుంతలము చదివినవారికి ఈ ప్రశ్నకు బదులు వెదకికొన నక్కఱలేదు. ఆరవ యంకమున రాజముద్రిక దొరికిన జాలరిని భటులు వాని వృత్తినిగూర్చి యెగతాళి చేయగా, పుట్టువుతో వచ్చిన పని నిందితమైనను విడువరానిదని వాడు నిర్భయముగ చెప్పును. ఆ జాలరి గాలమే లేకున్నచో దుష్యంతునకు శకుంతల జ్ఞప్తికి రాదు. ఈ కథ చెప్పగా మా యత్తగారు నవ్వి, "సరే, ఉంగరము దొరికిననాడు నాకు చెప్పుము" అనిరి. అదియే వారి యనుమతి యైనది.

ఇది రాజులకును తగిన వినోదమే. పశ్చిమచాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో మత్స్యవినోదమను భాగము కలదు. అందు చేపల జాతులును, వానికి వేయదగిన మేతయు, గాలముతో పట్టు విధమును వివరింపబడినవి. ఇంగ్లీషుభాషలో ఈ విద్యనుగూర్చి మొదట అచ్చుపడిన గ్రంథము 1496 నాటిది. దానిని జూలియానా బెర్నర్సు అను సన్న్యాసిని రచించెనని పరంపరగా చెప్పుదురు. పండితులు కొందఱు దీనిని సందేహింతురుగాని, ఆ పేరు మాత్రము చెరిగిపోలేదు. టెక్సాసునందే 1976లో షుగర్ ఫెర్రిసు అను స్త్రీ, బాసు చేపలను పట్టు స్త్రీలకై ప్రత్యేకముగ "బాసన్ గాల్" అను సంఘమును స్థాపించెను. అది 1998 వఱకు స్త్రీలకు పోటీలు నడపెను. కావున గాలపుకఱ్ఱ పురుషుల సొత్తని యెవరైన ననినచో మనకు సాక్ష్యములు లేకపోలేదు.

ఇక ఆ చేపను వర్ణించెదను. అమరకోశమున వారివర్గము వల్లించునపుడు ఝషము, మీనము, పృథురోమము అని చేపకు పేర్లు నేర్చితిని. ఏ చేప యెట్లు బ్రదుకునో నేర్వలేదు. "పెద్దనోటి బాసు" అని పిలువబడు నీ చేప నిజమునకు బాసు కుటుంబములోనిది కాదు. సన్‌ఫిష్ అను మంచినీటి చేపల కుటుంబమునకు చేరినది. మేను ఆకుపచ్చన, ప్రక్కను నల్లని చాఱ, నోటిమూల కంటిని దాటి వెనుకకు పోవును. మన కొఱమీనువలెనే ఇది పొంచియుండి వేటాడును. చిన్నచేపలు, కప్పలు, రొయ్యవంటి క్రాఫిష్ దీని యాహారము. ఆడుది మగదానికన్న పెద్దదిగ పెరుగును. గొప్ప తూకముల చేపలు ఆడువియే. టెక్సాసులో పట్టిన బాసులలో మిక్కిలి పెద్దది 1992 జనవరిలో ఫోర్కు సరస్సున దొరికినది. దాని తూకము 18.18 పౌనులు. ప్రపంచమున మేటిగ నెన్నబడినవి రెండు: 1932లో జార్జియా రాష్ట్రమున దొరికిన 22 పౌనుల 4 ఔన్సుల చేపయు, 2009లో జపానునందలి బివా సరస్సున దొరికి దానికి సమానముగ గణింపబడిన చేపయు.

మా గురువు మొదటి వారము నాచేత గాలము వేయింపలేదు. నీటిని చదువ నేర్పెను. టెక్సాసులోని సరస్సులు దాదాపుగ నన్నియు ఆనకట్టలు కట్టి నిలిపిన జలాశయములే. నీరు నిండినప్పుడు మునిగిన యడవులు అడుగున నట్లే యున్నవి. ఆ మోడుల నీడయు, తూడుల యంచును, లోతు హఠాత్తుగ మాఱు మిట్టయు బాసుకు మాటులు. గాలి యే గట్టువైపునకు వీచునో అచ్చటికి చిన్నచేపలు చేరును. వాని వెంట పెద్దవి చేరును. "నీరంతయు ఒక్కటే యని తలంపకుము, పదింట తొమ్మిదిపాళ్ళు అది ఖాళీ యిల్లు" అని యామె చెప్పుచుండెను.

పిదప సాధనములు. సజీవమైన యెఱకు బదులుగ అచ్చట కృత్రిమములగు ఎఱలు వాడుదురు. 1949లో ఒహాయో రాష్ట్రపు ఆక్రను నగరమున నిక్ క్రీము అనునతడు మెత్తని ప్లాస్టికుతో వానపామును పోతపోసి యమ్మజొచ్చెను. తరువాత నా పరిశ్రమ తూర్పు టెక్సాసులోని టైలరు నగరమునకు చేరెను. ఈ వానపామును గాలమునకు గ్రుచ్చు పద్ధతికి "టెక్సాసు రిగ్" అని పేరు. ముందు దారమునకు తూటావంటి చిన్న గుండును ఎక్కించి, తరువాత గాలమును ముడివేయవలెను. గాలపు మొనను పామున తలలో గ్రుచ్చి, కొంచెము దిగువను వెలికి తీసి, గాలమును త్రిప్పి, మొనను మరల పాము మేనిలోనే దాచవలెను. మొన దాగియుండుటచే అది నాచునకును, మోడునకును తగులక జాఱిపోవును. చేప కఱచినప్పుడు మాత్రము మెత్తని పదార్థమును చీల్చుకొని బయటపడును.

ముడి వేయుట యింకొక పాఠము. దారమును రెండు పేటలుగ మడచి గాలపు కన్నులో దూర్చి, వదులుగ నొక ముడివేసి, ఆ మడత కొనలోనుండి గాలమును దాటించి, తడిచేసి, మెల్లగ బిగింపవలెను. తడుపకున్నచో ఒఱపిడికి దారము బలహీనమగును. మల్లెలు మాలకట్టిన వ్రేళ్ళకు ఈ ముడి యొక లెక్క గాదు. మా గురువు నా ముడి చూచి, "ఇది నీ కెవరు నేర్పిరి?" యని యాశ్చర్యపడెను. మా దేశమున పూలు నేర్పినవని చెప్పితిని.

గాలము విసరుటకు భుజబలముకన్న మణికట్టు ముఖ్యము. విసరిన పిదప ఎఱను అడుగునకు దిగనిచ్చి, కఱ్ఱకొనను మెల్లగ నెత్తి ఈడ్చి, మరల దింపి, సడలిన దారమును చుట్టుకొనుచుండవలెను. ఱాయి తగిలినచో బండగ నుండును. మోడు తగిలినచో జిగటగ పట్టును. బాసు తాకినచో వ్రేలితో తలుపు తట్టినట్లు రెండు కుదుపులు తెలియును. అప్పుడు తొందరపడక, సడలును చుట్టుకొని, ఒక్కసారిగ కఱ్ఱ నెత్తవలెను. ఈ భేదము చేతికి తెలియుటకు నాకు రెండు నెలలు పట్టెను.

కాలమును బట్టి పద్ధతి మాఱును. తెల్లవాఱుజామునను, సందెవేళను నీటిపై తేలు ఎఱ మేలు. మధ్యాహ్నపుటెండలో చేప లోతునకు పోవును. నీరు తేటగనున్న సహజమైన రంగులును, మురికిగనున్న నల్లని రంగులును, రేకు గిఱగిఱ తిరిగి యదురు పుట్టించు ఎఱలును వాడుదురు. చేపకు ప్రక్కగీతవెంట నీటి యదురును గ్రహించు శక్తి కలదు. చలికాలమున ఎఱను మిక్కిలి నెమ్మదిగ కదపవలెను.

ఇప్పుడు నా మనస్సును కలచిన విషయము చెప్పెదను. వసంతమున నీటి వేడి ఫారన్‌హీటు 60 డిగ్రీలు దాటినంతనే మగ బాసు తీరమున, లోతులేని నీటిలో, తోకతో నేలను చిమ్మి గూడు చేయును. ఆడుది గ్రుడ్లు పెట్టి తొలగిపోవును. మగదియే వానిని కాచును. తోకతో నీరు వీచును. పిల్లలు పొదిగిన పిదపను కొన్నాళ్ళు వెంట తిరిగి రక్షించును. ఆ దినములలో గూటిపై ఏ వస్తువు పడినను అది కఱచును. ఆకలిచే గాదు, కావలిచే. కాబట్టి దానిని పట్టుట మిక్కిలి సులభము. దానిని కొంతసేపు పైకి తీసినంతనే చిన్నచేపలు వచ్చి గ్రుడ్లను తినివేయును. టెక్సాసు చట్టము ఆ ఋతువునందు బాసు పట్టుటను సామాన్యముగ నిషేధింపలేదు. కావున నిర్ణయము గాలము పట్టినవారిదే. ఎందఱో గూళ్ళపై వేయుదురు, పట్టి విడుతురు, దోషము లేదందురు. నా కా దృశ్యము చూచినప్పుడెల్ల క్రౌంచమిథునము మనస్సున మెదలెను. ఆదికావ్యము పుట్టినది కూడ ఇట్టి సమయమున పడిన బాణము వలననే గదా!

మా కుమారుడు మఱియొక ప్రశ్న వేసెను: "తినని చేపను పట్టుట యెందుకమ్మా? దానికి నొప్పి కాదా?" 1972 మొదలు రే స్కాటు అనునతడు నడపిన పోటీలలో చేపను ప్రాణముతో విడుచు నాచారము ప్రబలినది, జాతి క్షీణింపకుండుటకు అది తోడ్పడినది. కాని విడిచిన చేప యన్నియు బ్రదుకునని చెప్పరాదు. గాలము గొంతున దిగినదియు, వేసవిలో చాలసేపు పెనగులాడినదియు తరువాత చచ్చుట కలదు. పిల్లవానికి ఈ మాట దాచక చెప్పితిని. ఇరువురము కూర్చుండి మా యింటికి నియమములు వ్రాసికొంటిమి: గూళ్ళు కనబడు తీరమున గాలము వేయము. గాలపు ముల్లును నొక్కివేసి వాడుదుము. తడిచేతితోనే చేపను పట్టి, క్రింది పెదవితోపాటు పొట్టకును ఆధారమిచ్చి, వెంటనే విడుతుము. మండుటెండలో పోము. ఇంటికి తెచ్చినది ఆ పూట తినుదుము. మా వాడే ఈ కాగితమును తలుపునకు అంటించెను; నాకన్న వాడే వానిని కఠినముగ పాటించుచున్నాడు.

తినుటనుగూర్చి గృహిణు లెఱుగవలసిన దొకటి. ఇతర చేపలను తిని పెరుగు పెద్ద చేపల మాంసములో పాదరసము చేరుచుండును. తూర్పు టెక్సాసులో కాడో మొదలగు కొన్ని సరస్సుల బాసునుగూర్చి ఆరోగ్యశాఖవారు హెచ్చరికలు చేసియున్నారు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, చిన్నపిల్లలును ముఖ్యముగ జాగ్రత్తపడవలెను. మేము బాసును విడిచి, మన జెల్లవలె మీసములుగల క్యాట్‌ఫిష్ దొరికినప్పుడు చింతపండు పులుసు చేసికొందుము. మా గురువునకు మొదటిసారి కంట నీరు తిరిగెను. రెండవసారి తానే గిన్నె తెచ్చెను.

పదునేడేండ్లు నిండినవారు లైసెన్సు తీసికొనవలెను. రాష్ట్రోద్యానములలో ఒడ్డునుండి పట్టువారికి అదియు నక్కఱలేదు. సామాన్యముగ 14 అంగుళములకు తక్కువైన బాసును ఉంచుకొనరాదు. దినమునకు ఐదింటికి మించరాదు. కొన్ని సరస్సులకు వేఱు నిబంధనలు కలవు. గట్టున నిప్పుచీమల పుట్టలును, నీటియంచున కాటన్‌మౌత్ అను విషసర్పమును ఉండును గావున చెప్పులు లేక తిరుగరాదు. ఉఱుము వినబడినంతనే కఱ్ఱ దింపి గట్టు విడువవలెను.

ఈ విద్యవలన నా కేమి లాభమని యడుగుదురేమో. గట్టున మెక్సికోనుండి వచ్చిన కుటుంబములతోను, పని మానిన ముదుసళ్ళతోను పరిచయమైనది. వారి మాటలు వినుటచే నా యింగ్లీషు సాగినది. సరస్సునకు అఱమైలు నడచిన కాళ్ళకు వెఱపు తీరి, నేడు కారు నడుపుచున్నాను. అన్నిటికన్న ముఖ్యముగ, ఈ ఋతువున ఏ చెట్టు పూచునో, ఏ గాలి వాన తెచ్చునో నాకిప్పుడు తెలియును. నేలను ఎఱిగినవారికి అది పరదేశము కాజాలదు.

కావున భర్త యుద్యోగముతో దూరదేశములకు పోవు సోదరీమణులకు నా విన్నపమిది: ఆ యూరిలో తరతరములుగ చేయు పని యేదో కనుగొనుడు. తోటయో, నేతయో, గాలమో కానిండు. దానిని బాగుగ నెఱిగిన ముదుసలి నొకరిని వెదకి యడుగుడు. పని నేర్చుకొనుచు, అందులోని ధర్మాధర్మములను మన కన్నులతో కూడ చూడుడు. చేసెడివా రెందఱైనను, మనకు తగనిది మానుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.